గుంట గట్టు మీది సర్వరు



గూడూరు దగ్గరి చిల్లకూరు మండలంలో హైవే వదిలి వరగలి, తమ్మినపట్నం దిక్కుగా సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు ఎదురవుతాయి. రాత్రంతా ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఆ చప్పుడు వినబడినంతసేపూ రైతు నిద్రపోతాడు, ఆగిందా లేచి కూర్చుంటాడు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిన రాత్రి రైతుకు అక్కరకొచ్చే ఒక చిన్న సర్వరు గురించి, అందులో పెట్టుకోవలసిన ఒక రకం సాఫ్ట్‌వేరు గురించి ఈ పూట మాట్లాడతాను. దాన్ని సర్వీస్ డిస్కవరీ అంటారు. ఏ యంత్రం ఏ పని చేస్తోంది, ఇప్పుడు ఏ అడ్రసులో ఉంది, అసలు బతికే ఉందా అనేది యంత్రాలు తమంతట తాము తెలుసుకునే ఏర్పాటు అది. పెద్ద పెద్ద డేటా సెంటర్లలో ఎక్కువగా వినబడే మాటే. కానీ దాని అవసరం గుంట గట్టు మీద నాకు మరీ ఎక్కువగా కనిపించింది.

ముందు రొయ్య సంగతి చెప్పాలి. ఈ తీరంలో 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు ఉప్పెనలా వచ్చింది. 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ దాన్ని తుడిచిపెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కట్టడి తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరికాక సాగు మళ్లీ నిలబడింది. వనామీని ఒత్తుగా పెంచవచ్చు, చదరపు మీటరుకు 60 పిల్లల వరకు వదలడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అంత ఒత్తుగా పెంచినప్పుడు నీళ్లలో ప్రాణవాయువు చాలదు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రి ఆ నాచూ, రొయ్యా, అడుగున ఉన్న బురదా అన్నీ కలిసి దాన్నే వాడేస్తాయి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ఆక్సిజన్ అన్నిటికంటే కిందికి దిగుతుంది. రైతులు దాన్ని డీఓ అంటారు. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గనివ్వకూడదు. మరీ తగ్గితే రొయ్య పైకి తేలుతుంది, గట్లకు చేరుతుంది. సరిగ్గా ఆ వేళలో కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే నెలల తరబడి వేసిన మేత, పెట్టిన అప్పు గంటల్లో పోతాయి.

అందుకే ఇప్పుడు గుంటకో డీఓ సెన్సరు పెట్టే రైతులు ఉన్నారు. సెన్సరు పక్కన అరచేతిలో పట్టే చిన్న సర్క్యూట్ బోర్డు, దానికి వైఫై. షెడ్డులో ఒక రూటరు, ఒక చిన్న కంప్యూటరు, అదే సర్వరు. డీఓ పడిపోతే కంప్యూటరు సైరన్ మోగించాలి. లెక్క ప్రకారం ఇంతే. అమర్చిన వాళ్లు వెళ్లిపోయాక వచ్చే చిక్కు వేరే ఉంది.

కరెంటు పోయి వచ్చిందనుకోండి. రూటరు మళ్లీ లేస్తుంది. చవక రూటర్లలో చాలావాటికి ఎవరికి ఏ నంబరు ఇచ్చామో గుర్తుండదు. నిన్నటి దాకా మూడో గుంట సెన్సరుకు ఉన్న 192.168.1.23 అనే అడ్రసు ఈ రోజు ఎవరి సెల్‌ఫోనుకో పోతుంది. కంప్యూటరులోని ప్రోగ్రాము మాత్రం ఇంకా 23నే పిలుస్తుంటుంది. జవాబు రాదు. ప్రోగ్రాము రాసినవాడు "జవాబు రాకపోతే మళ్లీ అడుగు" అని రాసి ఉంటాడు కాబట్టి అది అడుగుతూనే ఉంటుంది, సైరన్ మోగదు. గుంటలో డీఓ పడిపోతుంటుంది. సెన్సరు చక్కగా కొలుస్తూనే ఉంటుంది. కంప్యూటరూ బాగానే ఉంటుంది. ఒకరి అడ్రసు ఇంకొకరికి తెలియదు, అంతే. చేత్తో రాసిపెట్టిన అడ్రసు మీద రైతు ఏడాది కష్టాన్ని నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చిల్లకూరు దగ్గర ఒక గట్టు మీద ఇలాంటి ఏర్పాటు సరిచేస్తున్నప్పుడు, అక్కడ పనిచేసే కుర్రాడు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అన్నా, కరెంటు పోయినప్పుడల్లా ఈ పెట్టెలు నంబర్లు మార్చుకుంటా ఉంటే, యా పెట్టె యాడుందో ఎట్ట కనుక్కునేది?" ఇంజనీరింగ్ చదవని ఆ కుర్రాడు సర్వీస్ డిస్కవరీ అనే శాస్త్రం మొత్తాన్ని ఆ ఒక్క మాటలో అడిగేశాడు.

ఈ ప్రశ్న పాతదే. ఇంటర్నెట్టుకు ముందు ఆర్పానెట్ ఉన్న రోజుల్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ అడ్రసులూ ఒకే ఫైలులో రాసేవారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ ఒక్క ఫైలు చాలలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించాడు. మనం ఈనాటికీ వెబ్‌సైటు పేరు కొడితే పనిచేసేది అదే. కానీ డీఎన్ఎస్‌కు ఎక్కడో ఒక సర్వరు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. గట్టు మీద షెడ్డులో అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకే ఆ డీఎన్ఎస్ సర్వరు అక్కర్లేని పద్ధతి ఒకటి వచ్చింది. స్టువర్ట్ చెషైర్ అనే ఆపిల్ ఇంజనీరు దీని వెనక గట్టిగా నిలబడ్డాడు. 2013 ఫిబ్రవరిలో ఇది ఆర్ఎఫ్‌సీ 6762, 6763 అనే ప్రమాణాలుగా అచ్చయింది. దీని పేరు మల్టీకాస్ట్ డీఎన్ఎస్, పొట్టిగా ఎండీఎన్ఎస్.

ఊళ్లో దండోరా ఎలాగో ఇదీ అలాగే. "ఎండీఎన్ఎస్ మాట వినేవాళ్లంతా వినండి, ప్రాణవాయువు లెక్కలు తీసుకునే పని నాది, నేను ఫలానా అడ్రసులో ఉన్నాను" అని సర్వరు ఆ నెట్‌వర్కులో అందరికీ వినబడేట్టు చెబుతుంది. 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రసుకు, 5353 నంబరు పోర్టు మీద. కావలసినవాడు విని రాసుకుంటాడు. కొత్తగా వచ్చినవాడు తానే అడుగుతాడు. నడిమధ్య పెత్తందారు లేడు, ఇంటర్నెట్టు అక్కర్లేదు. ఈ చివరి మాట మన తీరానికి ప్రాణం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే మన వైపు కుండపోతగా కురిసింది. అలాంటి రోజుల్లో ముందు పోయేది కరెంటు, వెంటనే పోయేది నెట్టు. ఎక్కడో ఊరుకాని ఊళ్లో ఉన్న క్లౌడ్ సర్వరు చెబితే తప్ప మోగని సైరన్, తుపాను రాత్రి గోడకు వేలాడే డబ్బా మాత్రమే. అందుకని సైరన్ వైరు షెడ్డులోని సర్వరు నుంచే రావాలని పట్టుబడతాను.

ఇక అమర్చడం. గట్టు మీద సర్వరుకు కొత్త యంత్రం కొననక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ చాలు. దాని బ్యాటరీ కాసేపు నిలబడితే అదే మీ యూపీఎస్. చిన్న బోర్డు కంప్యూటర్లలో మెమరీ కార్డు ఉంటుంది, కరెంటు ఉన్నట్టుండి పోతే అది పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే నేను ల్యాప్‌టాప్‌నే మెచ్చుకుంటాను. దాని మీద డెబియన్ లినక్స్ వేయండి. ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోకుండా ఉండాలి కాబట్టి, ఈటీసీ కింద సిస్టమ్‌డీ డైరెక్టరీలో లాగిన్‌డీ చుక్క కాన్ఫ్ ఫైలు తెరిచి హ్యాండిల్‌లిడ్‌స్విచ్ అనే చోట ఇగ్నోర్ అని రాయండి. ఈ ఒక్క వరుస మరిచిపోతే ఎవరో దుమ్ము పడుతోందని మూత దించుతారు, సర్వరు ఆగిపోతుంది.

మల్టీకాస్ట్ డీఎన్ఎస్ పని చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేరు పేరు అవాహి. 2005లో లెనార్ట్ పొయెట్టరింగ్, ట్రెంట్ లాయిడ్ చేస్తున్న రెండు పనులు కలిసి అవాహిగా నిలిచాయి. డెబియన్‌లో వేయడానికి ఒక్క ఆజ్ఞ చాలు. సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, ఆ తరవాత మూడు పేర్లు: అవాహి-డీమన్, అవాహి-యుటిల్స్, లిబ్‌ఎన్ఎస్ఎస్-ఎండీఎన్ఎస్. మొదటిది చాటుతుంది, వింటుంది. రెండోది మనం చూసుకోవడానికి. మూడోది, చుక్క లోకల్ అని ముగిసే పేర్లను మిగతా ప్రోగ్రాములన్నీ గుర్తుపట్టేట్టు చేస్తుంది. మీ సర్వరుకు గట్టు అని పేరు పెడితే ఈ పద్ధతి తెలిసిన ఏ యంత్రం నుంచైనా గట్టు చుక్క లోకల్ అన్న పేరుతోనే దాన్ని చేరుకోవచ్చు. లినక్స్ కాకుండా ఫ్రీబీఎస్‌డీ వాడేవారు పీకేజీ ఇన్‌స్టాల్ అవాహి-యాప్, ఎన్ఎస్ఎస్ అండర్‌స్కోర్ ఎండీఎన్ఎస్ అని వేసుకుని, ముందు డీబస్ సేవను, తరవాత అవాహి డీమన్‌ను మొదలుపెట్టాలి. ఫ్రీబీఎస్‌డీలో ఫైళ్లు యూఎస్ఆర్ లోకల్ ఈటీసీ కింద ఉంటాయి. అవాహి ఫైళ్లు రాసే తీరు మాత్రం ఒకటే.

ఇప్పుడు సర్వరు ఏం చాటాలో రాయాలి. ఇక మీదట కంప్యూటరు సెన్సర్లను పిలవదు, సెన్సర్లే సర్వరును వెతుక్కుని లెక్కలు పంపుతాయి, అందుకు ఎంక్యూటీటీ అనే తేలికైన పద్ధతి వాడతాయి. ఆ లెక్కలు అందుకునే ప్రోగ్రాము మస్కిటో, దాని పోర్టు 1883. ఈటీసీ, అవాహి, సర్వీసెస్ అనే డైరెక్టరీలో గుంట చుక్క సర్వీస్ అనే ఫైలు తెరవండి. పది వరుసలకు మించదు. ఎక్స్‌ఎంఎల్‌లో సర్వీస్ గ్రూప్ అని మొదలుపెట్టి, పేరు దగ్గర "గుంటల లెక్క" అని తెలుగులోనే రాయవచ్చు, యూటీఎఫ్-8 ఉంటే అవాహి ఒప్పుకుంటుంది. రకం దగ్గర అండర్‌స్కోర్ ఎంక్యూటీటీ, చుక్క, అండర్‌స్కోర్ టీసీపీ. పోర్టు 1883. ఫైలు దాచుకోగానే అవాహి తానే చదువుకుంటుంది, మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. ఆ వెంటనే అవాహి-బ్రౌజ్, హైఫన్ ఏఆర్‌టీ అని కొట్టండి. నెట్‌వర్కులో చాటుతున్న ప్రతి యంత్రం పేరు, అడ్రసు, పోర్టు వరుసగా కనిపిస్తాయి. ఆ కుర్రాడి ముందు ఆ ఆజ్ఞ కొట్టినప్పుడు నల్లటి తెర మీద "గుంటల లెక్క" అన్న తెలుగు అక్షరాలు వచ్చాయి. కింద రూటరు ఇచ్చిన నంబరు, దాని కింద ఆఫీసు గదిలోని ప్రింటరు పేరు. "ప్రింటరు కూడా చెప్తా ఉందే!" అన్నాడు. అవును, ప్రింటర్లు ఎన్నో ఏళ్లుగా ఈ భాషే మాట్లాడుతున్నాయి.

సెన్సరు వైపు పని ఇంకా తేలిక. ఈఎస్‌పీ32 లాంటి బోర్డుల్లో ఎండీఎన్ఎస్ లైబ్రరీ సిద్ధంగా ఉంది. సర్వరు అడ్రసు రాసే చోట ఇప్పుడు అడ్రసు ఉండదు. "ఎంక్యూటీటీ సేవ ఎవరిది?" అని అడిగే వరుస ఉంటుంది. రూటరు ఆగి మళ్లీ లేచినా, నంబర్లన్నీ తారుమారైనా బోర్డు వైఫై అందుకున్న ప్రతిసారీ అడిగి సర్వరును పట్టుకుంటుంది.

రెండు చోట్ల ఇది తడబడుతుంది. కొన్ని రూటర్లలో వైఫై పట్టుకున్న యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది, ఏపీ ఐసోలేషన్ అంటారు. అది తీసేయాలి. ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ 5353 లోపలి నెట్‌వర్కుకు తెరవాలి. బయటి ఇంటర్నెట్టుకు మాత్రం ఎన్నటికీ తెరవకూడదు.

ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది సామాను సర్దుకుంటారు. నాకు అసలు పట్టింపు ఉన్నది ఇక్కడి నుంచే. ఎండీఎన్ఎస్‌లో ఒక యంత్రం మర్యాదగా ఆగిపోతే "వెళుతున్నాను" అని చెప్పి పోతుంది. కరెంటు పోతే చెప్పే వ్యవధి ఉండదు. అప్పుడు దాని గురించి విన్నవాళ్ల దగ్గర పాత సంగతి నిలిచిపోతుంది. ప్రమాణం ప్రకారం అడ్రసు సంగతులు 120 సెకన్లు, సేవ పేరు సంగతి 75 నిమిషాల దాకా నిలవచ్చు. అంటే ఆగిపోయిన యంత్రం పేరు గంటకు పైగా జాబితాలో వెలుగుతుండవచ్చు. డీఓ పడిపోవడానికి గంట అక్కర్లేదు. ఎవరు ఉన్నారో చెప్పడం ఒక పని, ఎవరు పలకడం లేదో చెప్పడం వేరే పని. రెండోది అవాహి చేయదు. ఆ పని కన్సల్ అనే సాఫ్ట్‌వేరు చేస్తుంది.

కన్సల్‌ను 2014లో హాషికార్ప్ అనే కంపెనీ విడుదల చేసింది. 2023 ఆగస్టులో దాని లైసెన్సు మారింది, పూర్తి ఓపెన్ సోర్సు అనిపించుకోవడం మానేసింది. 2025లో కంపెనీ ఐబీఎం చేతికి వచ్చింది. లైసెన్సు మారడం నాకు బాధ కలిగించిన సంగతే. రైతు తన గుంటల కోసం వాడుకోవడానికి మాత్రం ఇప్పటికీ అడ్డు లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. హాషికార్ప్ వారి ఆప్ట్ రిపాజిటరీని, దాని కీ ఫైలును చేర్చుకుని ఆప్ట్ ఇన్‌స్టాల్ కన్సల్ అనాలి. ఫ్రీబీఎస్‌డీలో పీకేజీ ఇన్‌స్టాల్ కన్సల్. ఈటీసీ కింద కన్సల్ చుక్క డీ డైరెక్టరీలో కన్సల్ చుక్క హెచ్‌సీఎల్ ఫైలు ఉంటుంది. అందులో మూడు మాటలు మార్చాలి. సర్వర్ సమానం ట్రూ. బూట్‌స్ట్రాప్ ఎక్స్‌పెక్ట్ సమానం 1. బైండ్ అడ్రసు 127.0.0.1.

ఈ మూడో మాట గురించి కాస్త ఆగాలి. పెద్ద సంస్థల్లో కన్సల్ సర్వర్లు మూడో అయిదో పెడతారు, ఒకటి పోయినా మిగతావి కూడబలుక్కుని నిర్ణయం చేస్తాయి. గట్టు మీద ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. కన్సల్‌ను దాని సొంత లోపలి అడ్రసుకు కట్టేస్తే, రూటరు ఏ నంబరు ఇచ్చినా కన్సల్‌కు పట్టదు, బయటివాళ్లెవరూ దాన్ని తాకలేరు కూడా. ఒక్కటే సర్వరు కాబట్టి అది పోతే అన్నీ పోయినట్టే. దానికి మందు చివర్లో చెబుతాను.

ఇప్పుడు అదే డైరెక్టరీలో ప్రతి గుంటకూ ఒక సర్వీసు రాయాలి. గుంట-1, గుంట-2, ఇలా. ఒక్కోదాని కింద చెక్ అని, అందులో టీటీఎల్ 90 సెకన్లు అని. దీని అర్థం: ఈ గుంట నుంచి 90 సెకన్లలోపు "బాగున్నాను" అన్న కబురు రావాలి. రాకపోతే కన్సల్ దాన్ని క్రిటికల్ అని గుర్తిస్తుంది. ఎవరూ అడగనక్కర్లేదు, కబురు రాకపోవడమే ఫిర్యాదు. మస్కిటోకు మూడో గుంట లెక్క అందగానే సర్వరులోని చిన్న స్క్రిప్టు 8500 పోర్టులో ఉన్న కన్సల్‌కు చెక్ పాస్ అని చెబుతుంది. సెన్సరు 30 సెకన్లకోసారి లెక్క పంపితే మూడు లెక్కలు వరసగా తప్పిపోయినప్పుడే సైరన్ మోగుతుంది. ఒక్కటి తప్పినందుకే మోగితే రైతు విసిగి సైరన్ వైరు పీకేస్తాడు, అది ఇంకా ప్రమాదం. అందుకే 90.

ఫైళ్లు రాశాక కన్సల్ వాలిడేట్ అని తప్పులు చూసుకుని, సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్, డబుల్ హైఫన్ నౌ, కన్సల్ అనండి. కరెంటు వచ్చి ల్యాప్‌టాప్ లేచిన ప్రతిసారీ అదే మొదలవుతుంది. సైరన్ ప్రోగ్రాము రెండు ప్రశ్నలు వేస్తుంది. ఏ గుంటలోనైనా డీఓ 4 కంటే దిగిందా? కన్సల్ దగ్గర ఏ గుంటైనా క్రిటికల్‌లో ఉందా? రెండింటిలో ఏది అవునన్నా మోగాలి. సెన్సరు మూగబోవడాన్ని డీఓ పడిపోవడంతో సమానంగా చూడమని నా విన్నపం. గుంట సంగతి తెలియకపోవడం గుంట బాగుండడం కాదు కదా.

ఈ పని నేర్చుకోవడానికి చెన్నైకో హైదరాబాదుకో పోనక్కర్లేదు. చిల్లకూరు, కోట మండలాల్లో వస్తున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రేపు అక్కడ లేచే ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికీ, మూగబోయినదాన్ని పట్టుకోవడానికీ కావలసిన విద్య ఇదే. గూడూరు చుట్టుపక్కల ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు గట్టు మీద పాత ల్యాప్‌టాప్‌తో దీన్ని పట్టుదలగా నేర్చుకుంటే, ఆ ఫ్యాక్టరీల గేటు దగ్గర ఒట్టి చేతులతో నిలబడే పని ఉండదు. అంతకంటే ముందు ఊళ్లో నాన్న గుంట, మామ గుంట కాపాడుకుంటారు. వాళ్లను చూస్తే నాకు కొండంత ధైర్యం.

చివర్లో చెబుతానన్న మందు. సర్వరే ఆగిపోతే సైరన్ మోగించేదెవరు? సైరన్‌ను రిలే ద్వారా తిరగేసి కట్టండి. సర్వరు నిమిషానికోసారి "మోగకు" అని చెబుతున్నంతసేపూ ఊరుకోవాలి, ఆ మాట ఆగితే మోగాలి. ఇందుకు ఇంకో ఈఎస్‌పీ32 బోర్డు, సైరన్‌కు వేరే బ్యాటరీ చాలు. అమర్చాక పరీక్ష తప్పనిసరి. పట్టపగలు, రొయ్య నిబ్బరంగా ఉన్నప్పుడు, ముందు ఒక సెన్సరు తీగ పీకండి. రెండు నిమిషాల్లోపు మోగాలి. దాన్ని పెట్టేసి, రూటరు ఆపి వెయ్యండి. రూటరు మళ్లీ లేచాక సర్వరు చాటుతోందా అని అవాహి-బ్రౌజ్‌లో, బోర్డులు మళ్లీ దాన్ని కనుక్కున్నాయా అని కన్సల్ జాబితాలో చూడండి. ఆఖరున ల్యాప్‌టాప్‌నే ఆపేయండి, అప్పుడూ మోగాలి. కొత్త పంటకు పిల్ల వదిలే ముందు ప్రతిసారీ ఈ మూడూ చేయండి, రాత్రి కాపలా ఉండే మనిషిని పక్కనే నిలబెట్టుకుని చేయండి. మోగినప్పుడు జనరేటర్ దగ్గరికి పరుగెత్తాల్సింది అతనే.